పిల్లకొక పిడికెడు

నేను కాపురానికి వచ్చినప్పుడు మా అమ్మ నాతోపాటు ఒక ఆడపంది పిల్లను పంపింది. దాన్ని గంపలో పెట్టి, పైన ఇంకో గంప బోర్లించి, నారతో కట్టి ఇచ్చింది. గిద్దలూరులో రైలెక్కినాము. పెట్టెలో వాళ్లు "ఏందమ్మా ఆ గంపలో, కోడా?" అని అడిగితే మా ఆయన "కోడే, కోడే" అన్నాడు. అంతలో అది గుర్రుమనింది. ఎదురుగా కూర్చున్న ముసలాయన చాలాసేపు గంపనే చూసి, "మీ వైపు కోళ్లు ఇట్ల కూస్తాయా నాయనా?" అన్నాడు. కంభంలో దిగేదాకా నేను కొంగు నోట్లో కుక్కుకొని నవ్వుతానే ఉన్నాను.

రాష్ట్రం కొత్తగా ఏర్పడిన రోజులు అవి. మాది ఇంకా కర్నూలు జిల్లానే. మా అత్తగారి ఊరు కంభానికీ మార్కాపురానికీ మధ్యన. ఊరి చివర మా ఇండ్లు. ఈత బరికెలతో గంపలు, వెదురుతో చాటలు అల్లేది, పందులను సాకేది, అదే మా పని. నాతో వచ్చిన పంది పిల్ల నా చేతి కిందే పెరిగింది. ఒళ్లంతా నలుపు, నుదుటి మీద మాత్రం బొట్టు పెట్టినట్టు ఒక తెల్ల మచ్చ. నేను నీళ్లకు పోతే నీళ్లకు వచ్చేది, ఈతాకు కోయడానికి పోతే అక్కడికి వచ్చేది. పుట్టింటి నుంచి నావెంట వచ్చిన ప్రాణం అదొక్కటే. నాకు దిగులు పుడితే దాని చెవుల వెనక గీరుతా కూర్చునేదాన్ని.

అట్లాంటిది రెండు ఈతలు ఈనింది, రెండుసార్లూ పిల్లలు దక్కలేదు. మొదటిసారి ఏడు. ఎలుకల మాదిరి ఉన్నాయి. వారం తిరక్కముందే అన్నీ పోయినాయి. రెండోసారి ఎనిమిది. వాటిలో రెండు పది రోజులు లాగి, అవీ కండ్లు తేలేసినాయి. మా అత్త దొడ్డి ముందర నిలబడి, "మీ అమ్మ చూసి చూసి మంచి జాతిదే పంపిందిలే" అనేది. 

పిల్లలు నిలవని కారణం నాకు తెలుసు. మా అత్తకే కాదు, ఆ వాడలో అందరికీ ఒక పద్ధతి ఉండేది. పందికి చూలు నిలిచిందని తెలిసిన రోజు నుంచి దాని తిండి సగం చేసేవాళ్లు. పొద్దున ఒక ముంత కుడితి, మాపటికి ఒక ముంత. కడుపునిండా పెడితే లోపల పిల్లలు బలిసి, ఈనేటప్పుడు అడ్డం పడతాయని భయం. మామూలు రోజుల్లో అయితే పంది ఊరంతా తిరిగి ఎక్కడో ఒకచోట కడుపు నింపుకొనేది. వానలు పడి కొర్ర, సజ్జ మొలిచినాక రైతులు ఊరుకుంటారా? చేలో పంది అడుగు కనపడితే తగవే. అందుకని ఆ నెలల్లో దొడ్డిలోనే పెట్టేవాళ్లం. పలక గనుల దగ్గర పారేసిన బండముక్కలు తెచ్చి, నిలబెట్టి కట్టిన దొడ్డి అది. దాంట్లో ఉన్న పందికి మనం వేసిందే తిండి. మనం వేసేదేమో సగం.

ఆ పద్ధతి పందికే కాదు, కోడలికి కూడా. ఆ ఏడు వానాకాలంలో నా పందికి మూడోసారి చూలు నిలిచింది. కొంచెం అటూ ఇటుగా నాకూ నెల తప్పింది. నా కడుపులో పడింది నా పెద్దకూతురు. ఇంక చూడు, మా అత్త దొడ్డిలో ముంత తగ్గించింది, పొయ్యి దగ్గర గరిటె తగ్గించింది. నా గిన్నెలో ఒక్క గరిటె కొర్రబువ్వ, పైన పలచని పులుసు. రెండో గరిటెకు గిన్నె చాపితే, "బిడ్డ బలిస్తే కనేది నువ్వా, నేనా?" అని కుండ మీద మూత పెట్టేది.

ఆమె చెడ్డది కాదు. ఆమెకు ఉన్నది ఒక్కటే కూతురు, నాకు ఆడబిడ్డ, తొలి కాన్పులోనే పోయింది. రెండు దినాలు నొప్పులు పడిందంట. బిడ్డ పెద్దది, అందుకే బయటికి రాలేదని మంత్రసాని అనిందంట. ఆ మాట మా అత్త చెవిలో అట్లనే నిలిచిపోయింది. నాకు ఆ సంగతి తెలుసు కాబట్టి ఆమె మీద కోపం రాలేదు. ఆకలి మాత్రం వచ్చేది.

మా అమ్మ ఇంట్లో తీరు వేరు. చూలు నిలిచిన పందికి మొదట్లో ఎప్పటి మాదిరే పెట్టేది. చివరి నెల దగ్గరపడిందంటే చిన్న కుండ పక్కన పెట్టి పెద్ద కుండ తీసేది. తవుడు, నూనె తీసినాక మిగిలే వేరుశెనగ చెక్క నానబెట్టి, చిటికెడు ఉప్పు వేసి పెట్టేది. "పిల్లలకు కండ పట్టేది ఇప్పుడే. ఇప్పుడు మాడ్చినామంటే పుట్టినాక ఎంత పోసినా లాభం లేదు" అనేది. అయితే పంది ఈనే రోజుల్లో మమ్మల్ని దొడ్డి దగ్గరికి రానిచ్చేది కాదు, అది బెదురుతుందని. ఆ ఒకటి రెండు రోజులు ఏం పెట్టేదో, ఏం మానేదో నేను చూడలేదు. నేను చూడనిదే తరువాత నా మెడకు చుట్టుకొనింది.

కంభం నుంచి పందుల బేరగాడు ఒకడు వచ్చిపోతా ఉండేవాడు. మా అత్త వాడితో తేల్చి చెప్పేసింది.

"అబ్బాయ్, ఇది ఈనినాక పది దినాలకు రా. పిల్లలు నిలిస్తే సరే. నిలవకుంటే తల్లిని తోలుకొని పో."

వాడు దొడ్డిలోకి వంగి దాని వీపు తడిమి చూసినాడు. వాడు తోలుకొని పోయే పందులు ఎక్కడికి పోతాయో నాకు తెలియంది కాదు. నా పంది వాడి చెయ్యి వాసన చూసి, వెనక్కి జరిగి, నా కాళ్లకు ఆనుకొని నిలబడింది. ఆ పొద్దే అనుకున్నాను, ఈసారి దీనికి మా అమ్మ మాదిరే పెడతాను, ఏమన్నా కానీ అని.

ఊర్లో ఒక ఎద్దుగానుగ ఉండేది. గానుగామెను నేను అక్కా అని పిలిచేదాన్ని. ఒకరోజు గంప ఒకటి తీసుకొని పోయినాను.

"అక్కా, గంప కావాల్నా?"

"కావాల. నూనె మాత్రం అడగవాకు."

"నూనె వద్దు. గానుగ కింద రాలిన చెక్క పెట్టు, చాలు."

"చెక్కేం చేసుకుంటావే?"

"పందికి."

ఆమె నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "మీ అత్త చూడిపందికి నీళ్లు కూడా కొలిచి పోస్తాదంటారు. ఆమెకు తెలుసునా?"

"తెలిస్తే గంపకు బదులు నన్నే నీకిచ్చి పోతాది."

గానుగక్క నవ్వి నవ్వి, గంప నిండా కాదు గానీ సగానికి పైనే పోసింది. కొర్రలు దంచుకొనే ఇండ్లలో చాటలు బాగుచేసి తవుడు తెచ్చుకున్నాను. కాలవ గట్టున తుంగగడ్డలు తవ్వుకొచ్చినాను. అల్లిన గంపలు ఒకదాంట్లో ఒకటి దోపి చూరు కింద పెట్టేవాళ్లం కదా, అన్నిటికంటే అడుగు గంపలో చెక్క దాచినాను. మా అత్త పొద్దున్నే గంపలు నెత్తిన పెట్టుకొని పల్లెల మీద పోయేది. ఆమె చింతతోపు మలుపు తిరగంగానే నేను కుండ తీసేదాన్ని. మొదట్లో కొంచెం, నెలలు నిండేకొద్దీ ఎక్కువ. పంది కూడా మర్మం తెలిసినట్టు, అత్త ఉన్నంతసేపు కిక్కురుమనేది కాదు, ఆమె పోయిందంటే బండల మీదికి ముందరికాళ్లు ఎత్తి పిలిచేది.

ఒకరోజు మా అత్త సగం దారిలోనుంచి తిరిగొచ్చింది, నెత్తి మీద పెట్టుకొనే చుట్టకుదురు మరిచిపోయి. నేను ఒడి నిండా చెక్కతో వాకిట్లో నిలబడి ఉన్నాను. చెమట తుడుచుకున్నప్పుడు మూతికి కూడా చెక్కపొడి అంటుకొని ఉంది.

"ఏందే ఒడిలో?"

"చెక్క, అత్తా."

ఆమె నా ఒడి చూసింది, నా మూతి చూసింది. "తింటాండావా?"

బండల మీదుగా నా పంది మమ్మల్నే చూస్తా ఉంది. అబద్ధం దానంతట అదే వచ్చింది. "అవునత్తా. నోరూరింది."

"ఓసి నీ కడుపు కాలా! పంది తినే చెక్క తింటాండావంటే, ఆ పందీ నువ్వూ ఒక ఇంట్లో పుట్టినోళ్లేనని బాగా రుజువు చేస్తివే!"

అంతటితో అయిపోలేదు. ఆమె పోయిన పల్లెలన్నింట్లో గంపలతోపాటు ఆ మాట కూడా ఇచ్చొచ్చింది. నేను బావి కాడికి పోతే, "ఏమే, ఈ పొద్దు ఎంత చెక్క తిన్నావు?" అని అడిగేవాళ్లు. "మూడు పిడికిళ్లు" అనేదాన్ని. గానుగక్క ఒక్కదానికే నిజం తెలుసు. ఆమె కడవ దించి, కొంగుతో కండ్లు తుడుచుకుంటా నవ్వేది.

మా ఆయన సంగతి ఇంకా బాగుంది. ఆయన నిజంగానే నమ్మినాడు. ఒకరోజు మార్కాపురం నుంచి వస్తా తువ్వాలలో మూట కట్టుకొచ్చి నా ముందర విప్పినాడు. మంచి వేరుశెనగ చెక్క, అచ్చు అచ్చుగా. "మేయ్, నీకింత ఇష్టమని నాకు ముందే చెప్పొద్దా?" అని ఎదురుగా కూర్చున్నాడు, నేను తినేది చూడాలని. ఒక తునక నోట్లో వేసుకోక తప్పలేదు. గొంతుకు అడ్డంపడి కండ్లల్లో నీళ్లు తిరిగినాయి. "బాగుందా?" అన్నాడు. "బాగుంది" అన్నాను. సంతోషంతో కండ్లనీళ్లు పెట్టుకున్నాననుకున్నాడు పాపం. మిగిలినదంతా మరుసటి రోజు పంది తినింది.

పంది నిగనిగలాడింది. పక్కలు పూడినాయి, పొదుగు దిగింది. మా అత్త దాని చుట్టూ తిరిగి చూసి, "ఏందే ఇది, సగం ముంతకే ఇంత ఒళ్లు చేస్తాంది? రేపటి నుంచి ఇంకొంచెం తగ్గించు" అనింది. ఆమె తగ్గించినంత నేను కలిపినాను.

ఈత నారకు వారానికొక ముడి వేసుకుంటా వచ్చినాను. నాలుగు నెలలకు వారం తక్కువ నిండేటప్పటికి పంది గడ్డి నోట కరుచుకొని మూలకు పోగు చేయడం మొదలుపెట్టింది. ఇంక ఇయ్యాలో రేపో. నాకు కాళ్లు భూమి మీద నిలవలేదు. ఈనడానికి బలం కావద్దా అనుకొని, దాచిన చెక్కంతా నానబెట్టి, పొద్దున ఒక పెద్ద కుండ, సాయంత్రం అత్త తిరిగి రాకముందే ఒక పెద్ద కుండ పెట్టినాను. అది నాకేసి చూసుకుంటా మొత్తం తినేసింది.

మరుసటి రోజు పొద్దు బారెడు ఎక్కేటప్పటికి ఈనడం అయిపోయింది. ఒకటీ అడ్డం పడలేదు. ఒకదాని వెనక ఒకటి జారిపడినాయి, పడినవి పడినట్టే లేచి తడబడతా తల్లి పొట్ట వైపు నడిచినాయి. మా అత్త వేళ్లు మడుస్తా లెక్కపెట్టింది. ఒక చెయ్యి అయిపోయింది, రెండో చెయ్యి అయిపోయింది, ఇంకొకటి మిగిలింది. పదకొండు. ఒక పిల్లను ఎత్తి చూసింది. దోసిలి నిండా వచ్చింది.

"ఇవి పిల్లలా, దూడలా?" అనింది. "సగం ముంతకు ఇంతింత పిల్లలా?"

నేను పిల్లలను గడ్డితో తుడుస్తా ఉన్నాను. లోపల మాత్రం గంతులేస్తా ఉన్నాను.

ఆ గంతులు మధ్యాహ్నం దాకే. పంది బోర్లా పడుకొనింది, పక్కకు తిరగడంలేదు. పిల్లలు పొట్ట కింద ముట్టెలు పెట్టి కుమ్ముతా కీచుమంటా ఉంటే కసురుకొనింది. పొదుగు మీద చెయ్యి పెట్టి చూస్తే రాయి మాదిరి గట్టిగా, పెనం మాదిరి వేడిగా ఉంది. నిన్నటి నుంచి పేడ వేయలేదు. మా అత్త మొహం మారిపోయింది.

"మొదటి దినం జున్నుపాలు తాగని పిల్ల నిలవదే. ఏమైంది దీనికి? నిన్న ఏం పెట్టినావు?"

పదకొండు పిల్లలూ ఒక్కసారిగా కీచుమంటున్నాయి. ఇంక దాచి ఏం చేస్తాను? చూరు కింద గంపలన్నీ ఊడదీసి, అడుగు గంప తెచ్చి ఆమె ముందర పెట్టినాను. అంటుకొన్న చెక్కపొడి ఇంకా ఉంది దాంట్లో.

"చెక్క పెట్టినానత్తా. ఇన్ని నెలలూ పెట్టినాను. నిన్న రెండు కుండలు పెట్టినాను."

ఆమె గంపలోకి చూసింది. నావైపు చూసింది. కొట్టబోతుందనుకున్నాను.

"అయితే నువ్వు తినలేదా చెక్క?"

"లేదత్తా."

"ఒక్క పిడికెడు కూడా?"

"మీ కొడుకు ఎదురుగా కూర్చుంటే ఒక్క తునక."

"అయ్యో, నా నోరు పడ! ఏడు పల్లెల్లో చెప్పుకొస్తినే!" అని నెత్తి కొట్టుకొనింది. మరుక్షణమే కొంగు నడుముకు చుట్టి, "పొయ్యి రాజెయ్, చూస్తా నిలబడతావేంది?" అని అరిచింది.

పిల్లలన్నింటినీ కొత్త గంపలో గడ్డి వేసి పొయ్యి దగ్గర వెచ్చగా పెట్టినాము. గోరువెచ్చని నీళ్లలో తవుడు పలచగా కలిపి, బెల్లంముక్క వేసి, గరిటెడు ఆముదం పోసింది. పంది మొదట మొహం తిప్పుకొనింది. మా అత్త దాని ముట్టె పట్టుకొని, "తాగే తల్లీ, నా కోడలు చేసిన పనికి నిన్నేం అనను, తాగు" అని బతిమాలింది. ఇన్నేండ్లలో ఆమె దాన్ని తల్లీ అని పిలిచింది అదే మొదలు. తరువాత పాత కోక చింపి వేడినీళ్లలో ముంచి, పిండి, పొదుగుకు కాపడం పెట్టింది. ఒక పక్క ఆమె, ఒక పక్క నేను. చేతులు ఎర్రగా కాలినాయి. గంపలో ఉన్న పిల్లలు నా వేలు ఇస్తే వేలు చప్పరించినాయి.

పొద్దు వాలే వేళకు పంది లేచి, నాలుగడుగులు వేసి, మూలకు పోయి పేడ వేసింది. నేను చప్పట్లు కొట్టినాను. పంది పేడకు చప్పట్లు కొట్టినదాన్ని ఆ తాలూకా మొత్తానికి నేనే అయ్యుంటాను. అది ముంతల కొద్దీ నీళ్లు తాగి, తిరిగొచ్చి, పక్కకు ఒరిగి, పొదుగు పూర్తిగా మా వైపు తెరిచి పడుకొనింది. గుర్ గుర్‌మని మెల్లగా పిలవడం మొదలుపెట్టింది. మా అత్త పిల్లలను ఒక్కొక్కటే అందించింది. సన్నవాటిని ముందరి చన్నులకు, బలమైనవాటిని వెనక చన్నులకు.

"ముందరివాటిలో పాలు ఎక్కువ. వదిలేస్తే బలిసినవే ఆక్రమించుకుంటాయి" అనింది.

పదకొండు తోకలూ ఒకేసారి ఆడినాయి. కీచులు ఆగి, చప్పరించే సవ్వడి ఒక్కటే మిగిలింది. ఇద్దరం బండకు ఆనుకొని కూలబడినాము.

మా అత్త అనింది. "ఈనే ముందర రెండు దినాలు నోరు కట్టాలే. నీళ్లు, పలచని తవుడు, అంతే. ఈనినాక మెల్లగా పెంచాలి. మా అత్త చెప్పేది."

"రెండు దినాలేనా అత్తా?"

"రెండు దినాలే."

"మరి నాలుగు నెలలు ఎవరు చెప్పినారు?"

ఆమె చన్ను జారిన పిల్లను మళ్లీ పొదుగుకు అందించింది.  "ఎవరూ చెప్పలేదేమో" అనింది. "నా కూతురు పోయినాక నాకు ఎక్కడ చూసినా భయమే. ఆ భయానికి నేనే పొడిగించుకుంటా పోయినానేమో. నన్ను చూసి వాడలో వాళ్లూ అట్లనే." అని, కొంగుతో మొహం తుడుచుకొని, "అన్నీ ఎంత సుళువుగా జారినాయే! ఒకటన్నా అడ్డం పడిందా?" అనింది.

"ఒకటీ పడలేదత్తా."

పదకొండులో ఒకటి నాలుగోరోజు తల్లి ఒంటి కింద పడి నలిగి పోయింది. పది నిలిచినాయి. మా అత్త వాటి కోసం ఎర్రమట్టి తెచ్చి దొడ్డి మూల పోస్తే, దాంట్లో ముట్టెలు పెట్టి ఆడుకొనేవి. ఇంక తల్లి తిండి కొలిచే పని ఆమే తీసుకొనింది. నన్ను ముట్టుకోనివ్వలేదు. తల్లికని ఒక ముంత కుడితి పోసేది. దాని మీద చెక్కా తవుడూ కలిపిన పొడి, పిల్లకొక పిడికెడు. ఒకటి, రెండు అని గట్టిగా లెక్కపెట్టి వేసేది. మొదట్లో పిడికిట్లో సగం, రోజురోజుకూ పెంచి, వారానికి పిడికిలి నిండా చేసింది. దొడ్డి బండల మీద నుంచి వాడలో ఆడవాళ్లు తొంగిచూసి పోయేవాళ్లు. "ఏం పెడతాండావు వదినా?" అని అడిగితే, "మా కోడలు తినే చెక్కే" అనేది.

పదో దినం అన్నమాట ప్రకారం బేరగాడు పగ్గం తీసుకొని వచ్చినాడు. సంగతి తెలిసి కూడా నేను పొయ్యి దగ్గర పని ఆపి చూసినాను. వాడు దొడ్డిలోకి వంగి చూసి, పగ్గం భుజాన వేసుకున్నాడు.

"పెద్దమ్మా, పిల్లల్లో రెండన్నా నాకియ్యరాదా?"

"పాలు మరిచినాక రా, చూస్తాం. తల్లి జోలికి మాత్రం రావాకు. పది నోర్లకు అదే ఆధారం."

"మంచి జాతిదే పెద్దమ్మా."

"మా వియ్యపురాలు పంపింది" అనింది మా అత్త. నేను పొయ్యి దగ్గరుండి విన్నాను. ఆ మాట మా అమ్మకు మోసుకుపోవడానికి అప్పుడే లేచి రైలెక్కుదామనిపించింది.

బేరగాడు పోయినాక ఆమె పందికి పిడికిళ్లు లెక్కపెట్టి వేసి, చెయ్యి కడుక్కొని లోపలికి వచ్చింది. నేను గిన్నె ముందర పెట్టుకొని కూర్చున్నాను. కుండ మూత తీసి ఒక గరిటె కొర్రబువ్వ వేసింది. మూత పెట్టబోయి ఆగింది. నా కడుపు వైపు చూసింది.

"లోపల ఒకటేనా?"

"ఒకటే అనుకుంటానత్తా."

"దానికొక గరిటె" అని వేసింది.  నేను తల వంచుకొని బువ్వ కలపబోయినాను. అంతలో మూడో గరిటె వచ్చి గిన్నెలో పడింది.

"ఇదెవరికత్తా?"

"నువ్వు తినని చెక్కకు" అనింది. పులుసు కుండ కూడా నా పక్కకు జరిపింది.